వల లేని ఇల్లు

వరదకి మా పేట బడి పాక కొట్టుకుపోయింది. ఆ ఏడే కొత్త బిల్డింగు మంజూరైంది. ఎక్కడ కట్టాలో పంచాయతీయే తేల్చుకోవాలట. ప్రెసిడెంటు పెదబాబు గారు మా పేటకొచ్చి, "పది సెంట్లు చూపించండి, ఇక్కడే కట్టిస్తాను. లేదంటే మురుగుకాలవ అవతల మా ఊళ్లో కడతాం," అన్నారు.

ఏటిగట్టు కింద మాకు ఖాళీగా ఉన్నది వలలు ఆరేసుకునే దిబ్బ ఒక్కటే.

సాయంత్రం పెద్దలు కూర్చున్నారు. మాలో వలకి ఒక మనిషి చొప్పున మాట్లాడతారు. మా ఆయన గోదాట్లో పోయాక వల మా బావగారు వెంకన్న తీసుకున్నారు. ఇక నా ఇంటికి మాట లేదు. అయినా వెళ్లి నిలబడ్డాను. మా అమ్మాయి దుర్గాశ్రీ రెండో తరగతి.

"దిబ్బలో సగం ఇచ్చినా చాలు కదా బావగారూ."

"వల ఆరకపోతే కుళ్లిపోద్ది. అప్పుడు పిల్లలకి పలకలు వండిపెడతావేంటి?"

అందరూ నవ్వారు.

"గట్టు మీద ఆరేసుకోవచ్చు..."

"గేదెలు తొక్కితే నువ్వు అల్లుతావా? పడవెక్కని దానివి, నీకెందుకమ్మా ఈ గొడవ?"

పక్కింటి రత్తమ్మ నా చెయ్యి పట్టుకుని లాగింది. "ఊరుకోవే. ఆళ్లు కాదన్నాక అయిపోయినట్టే."

మర్నాడు ప్రెసిడెంటు గారింటికి వెళ్లి, నా ఇంటి స్థలం ఇస్తానన్నాను.

"మూడు సెంట్లలో బడేం కడతామమ్మా? మీ పెద్దలు వద్దన్నారు, మేం తీర్మానం చేసేశాం," అన్నారాయన.

బడి అవతల లేచింది. కాలవ మీద తాటిదుంగలు వేశారు. శ్రావణంలో నీళ్లు దుంగల మీదకెక్కాయి. పేట పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. నేను మాత్రం దుర్గాశ్రీని భుజానెక్కించుకుని నడుం లోతు నీళ్లలో దాటించేదాన్ని.

ఓ రోజు బడి దగ్గర మండలం ఆఫీసరు గారు ఉన్నారు.

"పేట పిల్లలు రారేంటండీ?"

"వాళ్లకి చదువంటే పట్టదండి. అక్కడే కడతామంటే స్థలం కూడా ఇవ్వలేదు," అన్నారు ప్రెసిడెంటు గారు.

ఇవ్వని మాట నిజమే. నా చీర నుంచి నీళ్లు కారుతున్నాయి. "నేను ఇస్తానన్నానండి," అన్నాను.

ఆఫీసరు గారు నన్ను చూసి, "ఈవిడెవరు?" అని ఆయన్నే అడిగారు.

"ఆ పేట మనిషేనండి. రండి, టీ తాగుదాం."

సాయంత్రం వచ్చేటప్పుడు నీళ్లు గుండెలదాకా వచ్చాయి. మధ్యలో కాలు జారింది. దుర్గాశ్రీ నా జుట్టు పట్టుకుని వేలాడింది. ఏడవలేదు. ఒడ్డెక్కాక, "అమ్మా, రేపు ఎక్కాలు అప్పజెప్పాలి," అంది.

"రేపొద్దులే," అన్నాను.

ఎల్లుండి కూడా వద్దన్నాను. నీళ్లు తీశాక పంపిద్దామనుకున్నాను. నీళ్లు తీసేనాటికి అది రత్తమ్మతో రొయ్యలు ఒలవడానికి వెళ్తోంది.