ఆశాజ్యోతి కట్టిన బండి

ఆశాజ్యోతి బండి కింద దూరిందంటే కృష్ణచైతన్య గరాజులోకి వచ్చి కూర్చునేవాడు. పనేమీ చేసేవాడు కాదు. ఖాళీ పెయింటు బకెట్టు బోర్లించి దానిమీద కూర్చుని, బండిని ఎత్తి నిలబెట్టిన ఇనుప స్టాండ్లకేసి చూస్తూ ఉండేవాడు. అవి ఒరిగితే తను చేయగలిగింది ఏమీ లేదని తెలుసు. అయినా ఆమె అక్కడ ఉండగా ఇంట్లో సోఫాలో కూర్చోవడం అతనివల్ల అయ్యేది కాదు.

"నువ్వు చూస్తాంటే స్టాండ్లు గట్టిపడతాయా?" అని కిందనుంచి ఆమె అడిగేది.

"నా సంగతి వదిలెయ్. నీ పని చూసుకో" అనేవాడు.

ఇద్దరూ అనంతపురంలో ఒకే కాలేజీలో ఇంజినీరింగ్ చదివారు. అతనిది భీమవరం, కంప్యూటర్స్. ఆమెది ప్రొద్దుటూరు, మెకానికల్. పెళ్ళయ్యాక అతని ఉద్యోగం మీద దేశం దాటి హామిల్టన్ అనే ఊరికి వచ్చారు. పాడి ఫారాలకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో అతను త్వరగానే కుదురుకున్నాడు. ఆమెకు అలా జరగలేదు. ఎన్ని చోట్ల అప్లై చేసినా, ఈ దేశంలో పనిచేసిన అనుభవం లేదు కదా అని మర్యాదగా జవాబిచ్చారు. చివరికి ట్రాక్టరు విడిభాగాలు అమ్మే షాపులో కౌంటర్ మీద చేరింది. వచ్చినవాళ్ళు అడిగిన బేరింగులూ బెల్టులూ తీసి ఇవ్వడం ఆమె పని.

ఆ షాపుకు వచ్చే రైతు ఒకాయన తన షెడ్డు వెనక గడ్డిలో పడివున్న పాత హోల్డెన్ కంపెనీ యూట్ గురించి మాటల్లో చెప్పాడు. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిన్, వెనక సామాను వేసుకునే తొట్టి. ఇలాంటి బండిని ఇక్కడివాళ్ళు యూట్ అంటారు. ఇంజను ఎప్పుడో చచ్చిపోయింది, అడ్డం తీస్తే చాలన్నాడు. ఆ వారాంతమే ఆమె దాన్ని ఇంటికి తెప్పించింది.

"ఏం చేస్తావు దీన్ని?" అన్నాడు చైతన్య.

"వారమంతా దీంట్లోనే పనికి పోతా. శనివారం డ్రాగ్ స్ట్రిప్పులో పరిగెత్తిస్తా."

డ్రాగ్ స్ట్రిప్పు అంటే ఏమిటో అతను ఇంటర్నెట్‌లో చూసి తెలుసుకున్నాడు. తిన్నని రోడ్డు, పావు మైలు. రెండు బండ్లు పక్కపక్కన నిలబడి, దీపాలు ఆకుపచ్చగా మారగానే ప్రాణం పోయేటంత వేగంతో దూసుకుపోవడం. ఆకుపచ్చ దీపం దాకా చదివి కంప్యూటర్ ఆపేశాడు.

కొత్త సామాన్లు కొనే స్తోమతు వాళ్ళకు లేదు. ఆమె శనివారాలు పాత బండ్లు విప్పి అమ్మే యార్డుల్లో తిరిగింది. ఎనిమిది సిలిండర్ల వి ఎయిట్ ఇంజను ఒక కారులోంచి వచ్చింది, గేర్‌బాక్సు ఇంకోదాంట్లోంచి. బలమైన బ్రేకులు మరో పెద్ద కారులోవి. సీటు సైతం ఎవరిదో. అన్నీ విప్పి, కిరోసిన్‌తో కడిగి, కొలిచి, పనికిరానివి పక్కనపెట్టి మళ్ళీ వెతకడానికి వెళ్ళేది.

చైతన్యను పట్టి పీడించిన ఆలోచన ఒకటే. ఈ బండిలో ప్రతి ముక్కా ఎక్కడో గుద్దుకున్న బండిలోంచే వచ్చింది. ఇంజను తెచ్చిన రోజున, ఆ కారు ముందుభాగం ఎలా నలిగిపోయి ఉందో యార్డులో కళ్ళారా చూశాడు. డ్రైవర్ వైపు తలుపు లేదు.

"అందులో ఉన్నాయన ఏమయ్యాడో కనుక్కున్నావా?" అని దారిలో అడిగాడు.

"అట్లాంటివి అడగకూడదు చైతన్యా. ఇంజనుకు ఏమీ కాలేదు, అది చూసినా."

మొదటిసారి ఇంజను స్టార్ట్ చేసిన రోజున వంటింట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలలాడాయి. పక్కింటి మురే, పాల ట్యాంకరు నడిపే మనిషి, టీ కప్పుతోనే ఫెన్సు దగ్గరికి వచ్చి బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఆశాజ్యోతి ముఖం నల్లటి మరకల మధ్య వెలిగిపోతోంది. చైతన్య నవ్వడానికి ప్రయత్నించాడు. అతని చెయ్యి గరాజు తలుపు పట్టుకునే ఉంది, ఏదైనా అంటుకుంటే తెరవడానికి.

మార్చిన బండి రోడ్డెక్కాలంటే ప్రత్యేకంగా తనిఖీ చేయించాలి. తనిఖీ చేసినాయన మొదటిసారి కొన్ని అతుకులు మళ్ళీ చేసుకురమ్మన్నాడు. రెండోసారి కాగితం చేతికిచ్చాడు. ఆ సోమవారం నుంచి ఆమె యూట్‌లోనే పనికి వెళ్ళసాగింది. "చేరావా" అని చైతన్య రోజూ మెసేజ్ పెట్టేవాడు. జవాబు ఆలస్యమైతే షాపుకు ఫోన్ చేసేవాడు. ఓసారి యజమానే ఫోన్ ఎత్తి, మీ ఆవిడ క్షేమం, రైతులకు బోల్టులు ఇస్తోంది అని నవ్వాడు. ఆరోజు ఇంటికొచ్చి ఆమె, "అందరి ముందర నాకు తలకొట్టేసినట్టయింది" అంది. అతను సారీ చెప్పాడు. మర్నాడు మళ్ళీ మెసేజ్ పెట్టాడు.

మెరెమెరె అనే ఊరి దగ్గరున్న స్ట్రిప్పులో ఎవరైనా సొంత బండి తెచ్చి పరిగెత్తించుకునే రోజు ఒకటి వస్తోందని తెలిసి ఆమె పేరు నమోదు చేయించుకుంది. ఆ వారమంతా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. గురువారం అన్నం తింటూ అతను అనేశాడు.

"వెళ్ళకు ఆశా."

ఆమె తినడం ఆపింది. "ఎందుకు?"

"బండి బాగా చేశావు. రోడ్డు మీద బ్రహ్మాండంగా నడుస్తోంది. అది చాలు కదా. అంత స్పీడులో ఏదైనా ఊడితే ఎవరు పట్టుకుంటారు?"

"నేను బిగించినవి ఊడతాయని నీ అనుమానం."

"నీమీద కాదు. ఇనుము మీద."

"ఇనుము నాకు తెలుసు." ఆమె గొంతు పెద్దది చేయలేదు. "మూడేండ్లుగా కౌంటర్లో నిలబడి బోల్టులు అందిస్తాండా. నేను ఇంజినీరుననే సంగతి ఈ ఊర్లో ఆ బండికొక్కదానికే తెలుసు. దాన్ని గరాజులో పెట్టి మూసెయ్యమంటావా?"

అతను కంచం తీసుకుని లేచాడు. సింకు దగ్గర నిలబడి నీళ్ళు వదిలి కంచం కడిగాడు. ఈవిడకు భయమనేది దేవుడు పెట్టలేదు, ఈవిడ వాటా కూడా నాకే పెట్టాడు అనుకున్నాడు.

శనివారం ఆకాశం తేటగా ఉంది. స్ట్రిప్పు దగ్గర కార్లు, యూట్లు, మోటారు సైకిళ్ళు, మడత కుర్చీలు వేసుకున్న కుటుంబాలు. రబ్బరు కాలిన వాసన. అక్కడివాళ్ళు బండి చూశారు, హెల్మెట్ చూశారు, బెల్టు లాగి చూశారు, అద్దం మీద తెల్లరంగుతో నంబరు రాశారు. చీర కట్టుకోలేదు గానీ, చుట్టూ ఉన్నవాళ్ళలో నుదుట చిన్న బొట్టుతో హెల్మెట్ పెట్టుకుంటున్న మనిషి ఆమె ఒక్కతే. ఒకళ్ళిద్దరు తలతిప్పి చూశారు. ఆమె ఎవరివంకా చూడలేదు.

"ఫెన్సు దగ్గర ఉండు. నాకు కనపడేటట్ల" అంది చైతన్యతో.

అతను ఫెన్సు పట్టుకుని నిలబడ్డాడు. బండ్లు జంటలు జంటలుగా వెళుతున్నాయి. ప్రతి జంటా బయలుదేరినప్పుడు చప్పుడు ముందు పొట్టలో తగిలి ఆ తర్వాత చెవికి చేరేది. అవతలి కొసన బ్రేకు దీపాలు వెలిగేదాకా అతను అటే చూసేవాడు. ఎవరో తెలియనివాళ్ళ కోసమే ఇంత అవుతుంటే ఆశా వంతు వచ్చేసరికి తన గతేమిటో అతనికి అర్థం కాలేదు.

వంతు వచ్చింది. పక్కన ఎర్ర కారు. బయలుదేరే ముందు వెనక టైర్లు వేడెక్కాలి కాబట్టి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి వెనక చక్రాలు మాత్రం ఉన్నచోటే తిప్పుతారు. యూట్ వెనకనుంచి తెల్లటి పొగ లేచి తొట్టిని కప్పేసింది. జనం ఈలలు వేశారు. పొగ పలచబడింది. యూట్ మెల్లగా బయలుదేరే గీత దగ్గరికి జరిగింది. ఎర్ర కారు కూడా వచ్చి నిలబడింది.

అప్పుడు యూట్ డ్రైవర్ వైపు కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి అడ్డంగా ఊగింది.

యూట్ వెనక్కి జరిగింది. మైకులో ఎవరో, నంబరు నలభై ఒకటి మనసు మార్చుకున్నట్టుంది అన్నారు. కొందరు నవ్వారు. ఎర్ర కారు ఒంటరిగా దూసుకుపోయింది. యూట్ నడక వేగంతో పక్కదారి పట్టి, బండ్లు నిలిపే గడ్డిమైదానంలోకి తిరిగింది. చైతన్య జనాన్ని తప్పించుకుంటూ పరిగెత్తాడు.

ఆమె హెల్మెట్ తీయకుండా స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏమైంది? దెబ్బ తగిలిందా?"

"బ్రేకు పెడలు దిగిపోతాంది" అంది. "టైర్లు వేడి చేసేటప్పుడు గట్టిగా తొక్కిపట్టినా కదా. అప్పుడు కొంచెం లోపలికి పోయింది. గీత దగ్గర మళ్ళీ తొక్కితే ఇంకా లోపలికి పోయింది."

దిగి, ముందు చక్రం పక్కకు తిప్పి, నేలమీద పడుకుని లోపలికి చూసింది. బ్రేకు ఆయిలు వెళ్ళే రబ్బరు గొట్టం మీద ఒకచోట పై పొర అరిగి తెల్లగా అయింది. అక్కడినుంచి ఆయిలు చుక్కలుగా కారుతోంది. చక్రం పూర్తిగా పక్కకు తిరిగినప్పుడల్లా ఆ గొట్టం టైరుకు రాసుకుంటోంది. ముందటి వారమే ఆమె దాన్ని మార్చింది. ఉండాల్సినదానికంటే కాస్త పొడుగు గొట్టం. చేతికి దొరికింది అదే.

"నాదే తప్పు" అంది, పడుకునే.

చైతన్య రోడ్డు అవతలి కొస వైపు చూశాడు. అక్కడికి చేరినప్పుడు ఆమె కాలు పెడల్ మీద పడి, కింద ఏమీ తగలకపోయి ఉంటే. రోడ్డు అయిపోయాక ఇసుక, దాని తర్వాత గట్టు. అతను యూట్ పక్కనే గడ్డిలో కూలబడ్డాడు.

అలా బండిని ఇంటిదాకా నడపడం కుదరదు. ఫోన్ చేస్తే మురే బండి ఎక్కించే ట్రైలర్ తీసుకుని వస్తానన్నాడు. అతను వచ్చేదాకా ఇద్దరూ యూట్ నీడలో కూర్చున్నారు. అవతల బండ్లు పోతూనే ఉన్నాయి.

"అంతమంది నవ్వుతుంటే వెనక్కి వచ్చేశావు" అన్నాడు చైతన్య.

"నవ్వింది వినిపించింది."

"నేనైతే ఏమో. సిగ్గుపడి ముందుకే పోయేవాణ్ణేమో. నీకు భయం లేదనుకున్నాను ఆశా."

ఆమె అతనివైపు తిరిగింది. "ఎవరు చెప్పినారు? ఇంజను పెట్టిన రోజు నుంచి భయమే నాకు. పొద్దున పనికి పోయేటప్పుడు గూడా వీధి చివర రెండుసార్లు బ్రేకు తొక్కి చూసుకుంటా. బండి కింద ఉన్నప్పుడు నువ్వు ఆ బకెట్టు మీద కూచుంటావే, ఒకరోజు నువ్వు ఊర్లో లేవు. ఆరోజు కిందికి పోలేకపోయినా. పని మానేసి వంట చేసుకున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఇంకా భయపడతావు. మానెయ్ అంటావు."

"చెప్పకపోతే ఇద్దరి భయమూ నేనొక్కణ్ణే పడ్డాను కదా" అన్నాడు. అది కోపంగా అందామనుకున్నాడు. కానీ మాటలో కోపం రాలేదు.

ఆమె చెయ్యి చాచి అతని చొక్కా అంచు పట్టుకుంది. మురే ట్రైలర్ గేటులోంచి లోపలికి రావడం కనిపించేదాకా అలా పట్టుకునే ఉంది.

తర్వాతి వారాల్లో ఆమె సరైన కొలతకు కొత్త గొట్టాలు చేయించింది. ఈ ఒక్కదానికి పాత సామాన్ల జోలికి పోలేదు. వాటిని దూరంగా జరిపి క్లిప్పులతో బిగించింది. చైతన్య టార్చిలైటు పట్టుకున్నాడు. ఏది చూస్తున్నావు, ఎందుకు చూస్తున్నావు అని అడిగేవాడు. ఆమె చెప్పేది. నిజంగా అనుమానం ఉన్నచోట ఉందనే చెప్పేది. అలా ఒక వెల్డింగు మళ్ళీ చేయించారు. అతని భయం తగ్గలేదు. కానీ ఇప్పుడది ఎక్కడ నిలబడాలో తెలిసిన భయమయింది. రోజూ మెసేజ్ పెట్టడం మానలేదు. ఆమె కూడా చేరగానే తనే ముందు పెట్టేది.

రెండు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళారు. ఈసారి దీపాలు ఆకుపచ్చగా మారినప్పుడు యూట్ ముక్కు పైకి లేచింది. వెనక చక్రాలు ఒక్క క్షణం జారి, పట్టు దొరకబుచ్చుకున్నాయి. చైతన్య కళ్ళు మూసుకోకూడదనుకుని మూసుకున్నాడు. తెరిచేసరికి బండి అవతలి కొసన చిన్నదైపోయింది. రెండు ఎర్ర దీపాలు వెలిగాయి. అవి ఆరకుండా అలాగే ఉన్నాయి. బండి నెమ్మదించి, మలుపు తిరిగింది.

పక్క వరసలోని నీలం కారు ఆమెకంటే ముందు చేరింది. పావు మైలుకు పదమూడు సెకన్ల చిల్లర పట్టిందని రాసివున్న చీటీతో ఆమె తిరిగొచ్చింది. దిగగానే చేతులు చాపి చూపించింది. రెండూ వణుకుతున్నాయి. అతను వాటిని పట్టుకున్నాడు.

"ఓడిపోయినా" అంది, నవ్వు ఆపుకోలేక.

"చూశాను. సగం చూశాను."

వెనక తొట్టి తలుపు దించి దానిమీద కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తిన్నారు. స్ట్రిప్పు మీద ఇంజన్లు గర్జించినప్పుడల్లా చైతన్య నమలడం ఆపి అటు చూసేవాడు. అవతలి కొసన ఎర్రదీపాలు కనిపించాక మళ్ళీ నమిలేవాడు. ఆమె తన డబ్బా అయ్యాక అతని డబ్బాలోంచి తీసుకుంది. మైకులో ఆమె నంబరు పిలిచారు. ఆమె వేళ్ళు తుడుచుకుని హెల్మెట్ అందుకుంది. అతను డబ్బాలు మూతపెట్టి ఫెన్సు వైపు నడిచాడు.