ఓబలప్పను తీసేస్తే

గౌనిపల్లి పాల కేంద్రంలో ఆ ఉదయం మునిలక్ష్మమ్మ తెచ్చిన పాలు తీసుకోలేదు. కార్యదర్శి మునేష్ కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పి చూపించాడు. అందులో ఆమె పేరు లేదు. ఆమె ఆవులూ లేవు.

"నిన్న ఓబలప్పన్న పేరు తీసేసినాను. చనిపోయినాడు కదమ్మా, తీయల్ల. దాంతో పాటే అన్నీ పోయినాయి," అన్నాడు మునేష్, ఆమె ముఖం చూడలేక.

"పోయింది మా ఆయన. నేనుండాను, ఆవులుండాయి. ఈ పాలు పోసేదాకా నేను యాడికీ పోను," అని మునిలక్ష్మమ్మ క్యాను పక్కనే చతికిలబడింది.

కొత్త సాఫ్ట్‌వేర్ ఎలా నడుస్తోందో చూడడానికి కోలారు నుంచి వచ్చిన ప్రోగ్రామర్ నయనకు సంగతి వెంటనే అర్థమైంది. ఆ ప్రోగ్రాములో సభ్యుడు ఒక క్లాసు, అంటే ఒక నమూనా; ఇంట్లోవాళ్లు ఇంకో క్లాసు, పశువులు మరో క్లాసు. క్లాసుల మధ్య సంబంధం ఎలా రాస్తే డేటాబేసులో పట్టికలు అలా ముడిపడతాయి. ఇంటికి ఒకే సభ్యుడు, అతన్ని తీసేస్తే అతని కింద ఉన్నవన్నీ చెరిగిపోవాలి అని రాయించింది కంపెనీ యజమాని చందన్. నయన అప్పుడే వద్దని వాదించింది. అతను వినలేదు.

ఇప్పుడు ఫోన్ చేసి చెప్పినా వినలేదు. "ఆమెను కొత్తగా చేర్చుకోమను. రేపు డెమో ఉండాది, కోడ్ ముట్టుకోవద్దు," అని ఫోన్ పెట్టేశాడు.

నయన మునేష్‌ను ఒప్పించి, ఆ పూటకు పాలు కాగితం మీద రాయించి, కోలారు బస్సెక్కింది.

మర్నాడు డెమో, పాల సంఘం అధ్యక్షుడు దొడ్డయ్య ఇంటి వరండాలో. చందన్ గడగడా వివరిస్తుంటే పెద్దమనుషులు తలలూపారు. దొడ్డయ్య భార్య గిరిజమ్మ కాఫీలు అందిస్తోంది.

"తీసేసేది కూడా చూపిస్తాను," అంది నయన. "ఇది పరీక్ష కోసం పెట్టిన కాపీ, భయపడొద్దండి." దొడ్డయ్య పేరు మీద నొక్కింది. ఆయన పేరు పోయింది. దాని వెంటే గిరిజమ్మ పేరు పోయింది. కొట్టంలో ఉన్న ఆవులన్నీ తెర మీద నుంచి మాయమయ్యాయి.

గిరిజమ్మ చేతిలో పళ్లెం ఆగిపోయింది. "నా ఆవులు యాడికి పోయినాయి?"

"అయ్యగారితో పాటే పోయినాయమ్మా."

"ఆయనకి పాలు పితికేది కూడా రాదే!"

"నేను బతికే ఉండాను కదా," అన్నాడు దొడ్డయ్య.

"ఓబలప్ప కూడా పోయిన నెల బతికే ఉన్నాడయ్యా," అంది నయన.

చందన్ నవ్వు తెచ్చుకున్నాడు. "చిన్న పొరపాటు, సరిచేస్తాము."

"పొరపాటు కాదు సార్. మనం రాసిందే అట్ల." అంది నయన. "ప్రతి మనిషినీ సభ్యులుగా పెట్టాల. ఇల్లనేది వాళ్ల మధ్య ముడి, అంతే. ఒక ఆవుకి ఇద్దరు యజమానులు కూడా ఉండొచ్చు. ఒకరు పోతే ఆ ముడి ఒక్కటే తెగాల."

గిరిజమ్మ పళ్లెం కింద పెట్టింది. "అట్ల మార్చేదాకా మా ఇంటి పాలు మీ మిషన్లో పడవు." చందన్‌కు మారుస్తామని ఒప్పుకోక తప్పలేదు.

బయటికి రాగానే మండిపడ్డాడు. "నా వెనకాల ఇట్ల చేస్తావా?"

"వెనకాల చేయలేదు సార్. అందరి ముందరే చేసినాను."

"సోమవారం నుంచి ఈ ప్రాజెక్టులో నువ్వు లేవు."

"సరే సార్. సోమవారం దాకా ఉండాను కదా."

కోలారు జిల్లాలోనే ఉన్న ఆండర్సన్‌పేటలో, తన ఇంట్లో కూర్చుని నయన ఆ సంబంధాలన్నీ మళ్లీ రాసింది. పాత బ్యాకప్ నుంచి మునిలక్ష్మమ్మనూ ఆమె ఆవులనూ వెనక్కి తెచ్చింది. ఎవరు పోయినా ఇంకెవరూ చెరిగిపోకుండా పరీక్షించి, చందన్‌కు పంపింది.

సోమవారం ఆఫీసులో వేరే పని చేతికిచ్చారు. నయన తీసుకుంది. కాసేపటికి మునేష్ ఫోన్ నుంచి మునిలక్ష్మమ్మ మాట్లాడింది.

"పాలు తీసుకున్నారమ్మా. అయితే ఎర్రావు పేరు కెంపి. మీ మిషన్లో చెంపి అని ఉండాదంట."

"నేనిప్పుడు ఆ పనిలో లేనమ్మా."

"ఎవరుండారో వాళ్లకి చెప్పు. ఆ పేరు పెట్టింది నేను."

నయన నవ్వుకుంటూ లేచి, నేరుగా చందన్ గదిలోకి నడిచింది.