మడమతో గీసిన గీత

గోల్‌కీపర్లంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంటే. మిగతా పదిమందీ మైదానమంతా పరిగెత్తి ఎక్కడ తొక్కారో కూడా తెలియకుండా పోతారు. ఈ ఒక్కడు మాత్రం తొంభై నిమిషాలూ ఒకేచోట నిలబడి, నేను కన్నబిడ్డలా సాకిన గడ్డిని బురద చేసి పెడతాడు. కోల్డర్‌షా టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బులో పద్నాలుగేళ్ళు మైదానం చూసుకున్నవాణ్ణి. ఈ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

అందులోనూ మా క్లిఫ్ ఎంట్‌విసిల్ మరీ ఘనుడు. ఆటకు ముందు ఒళ్ళు వేడెక్కించుకునే వేళ ఈ గోల్ దగ్గరికొకసారి, ఆ గోల్ దగ్గరికొకసారి పోయేవాడు. రెండు స్తంభాల మధ్య అడుగులు కొలుచుకుని, సరిగ్గా నడిమిన బూటు మడమతో ముందుకి ఒక గీత గీసేవాడు. గీత అంటే ముగ్గుగీత అనుకునేరు, బంగాళాదుంపలు నాటుకోవచ్చు అందులో.

"ఒరేయ్, అది గడ్డిరా! నీ పెరడు కాదు!" అని అరిచేవాణ్ణి.

"నాకు వీపున కళ్ళు లేవురా ఎర్నీ. బంతి మీదికొస్తుంటే వెనక్కి తిరిగి గోల్ ఎక్కడుందో చూసుకోమంటావా? కిందికి చూస్తే గీత కనబడాలి. ఆ గీతే నా కళ్ళు" అనేవాడు. తర్వాత రెండు అరచేతుల్లోనూ ఉమ్మేసుకుని, రుద్దుకుని, నాకేసి కన్నుకొట్టేవాడు.

మొత్తం పదకొండేళ్ళు, నాలుగువందల పన్నెండు ఆటలు. కుడిచేతి వేళ్ళు మూడు విరిగి అతుక్కున్నాయి, ఏదీ తిన్నగా లేదు. దవడ ఒకసారి పగిలింది. వరసగా ఆరు పెనాల్టీలు ఆపిన సంవత్సరం ఒకటుంది. అదెవరికీ గుర్తులేదు. ఈ ఊరికి గుర్తున్నది ఒక్కటే, డెబ్భై నాలుగు ఏప్రిల్‌లో ఆఖరి ఆట.

ఆ ఏడాది మేము నాలుగో డివిజన్ అడుగున ఉన్నాం. చివరి నాలుగు జట్లలో పడ్డవాళ్ళు వేసవిలో మిగతా క్లబ్బుల ముందు నిలబడి, మమ్మల్ని లీగ్‌లో ఉండనివ్వండి బాబూ అని వోట్లు అడుక్కోవాలి. ఆ పరువుతక్కువ పని తప్పాలంటే ఆ రోజు ఓడకుండా ఉంటే చాలు, సమంగా ముగించినా గట్టెక్కుతాం.

నేను మార్చి నెలంతా చర్చి వైపు గోల్ ముందు మోకాళ్ళ మీద పాకాను. బురదంతా తవ్వి తీసి, వేరేచోట పెంచిన గడ్డిచాపలు తెచ్చి పరిచాను. అయిదు వారాలు దాని మీద కుక్కని కూడా నడవనివ్వలేదు. ఆట రోజు మధ్యాహ్నం, జట్టంతా బట్టలు మార్చుకునే గదిలో, పనుందని నేను లోపలికి వెళ్తే క్లిఫ్ అందరి ముందూ అన్నాడు: "మా అమ్మమ్మ సమాధి మీద ఇంతకంటే మంచి గడ్డి ఉందిరా ఎర్నీ. అది చూసుకునేవాడు కూడా చచ్చి నాలుగేళ్ళయింది."

గది గదంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను, కానీ నాకు తల కొట్టేసినట్టయింది. ఇంకో అరగంటకి నా కళ్ళముందే, నా కొత్త గడ్డి నడిమిన, మడమ దించి బర్రున లాగాడు.

విరామంలో మైదానం పనివాళ్ళం మేము ఇనప పళ్ళున్న కర్రలు పట్టుకుని మైదానంలోకి వెళ్ళి, లేచిన గడ్డిపెళ్ళలు నొక్కి రావడం మామూలే. ఆరోజు నేను చర్చి వైపు గోల్ దగ్గరికి వెళ్ళాను. రెండో సగం క్లిఫ్ ఉండాల్సింది అక్కడే. వాడు గీసిన గీతలో ఇసకా మట్టీ పోసి, పైన గడ్డి సర్ది, అసలు ఏమీ లేనట్టు చేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఎడమ స్తంభం వైపు అడుగున్నర జరిగి, నా మడమతో, అచ్చం వాడు గీసినట్టే ఇంకో గీత గీశాను.

ఎందుకు? వాడు రాగానే చూస్తాడు, నన్ను అమ్మనాబూతులు తిడతాడు, జనం నవ్వుతారు, నా కసి తీరుతుంది. నా బుద్ధి అంతవరకే పోయింది. ఇరవై ఎనిమిదేళ్ళ గాడిదని, అంతకు మించి ఆలోచించలేదు.

క్లిఫ్ వచ్చాడు. చేతుల్లో ఉమ్మేసుకున్నాడు. బూటు కొనతో గీతని ఒకసారి తాకి, దాని మీద నిలబడ్డాడు. మళ్ళీ కొలవలేదు. తన చేతులతో... తన కాలితో గీసుకున్న గీతని ఎవడు కొలుస్తాడు?

అప్పటికి చెరొక గోల్. ముప్పై ఎనిమిది నిమిషాలు ఆట అంతా అవతలి వైపే నడిచింది. నేను గడ్డి చదునుచేసే రోలర్ పక్కన నిలబడి చూస్తున్నాను. నాలుగంగల్లో గోల్ వెనక్కి వెళ్ళి "ఒరేయ్, గీత తప్పురా" అంటే సరిపోయేది. అందరూ నవ్వుతారని ఒకసారి అనిపించింది, మేనేజరు ఉద్యోగం ఊడగొడతాడని ఒకసారి అనిపించింది. ఇంకో నిమిషంలో వెళ్దాం, ఇంకో నిమిషంలో వెళ్దాం అనుకుంటూనే ఉన్నాను. ఎనభై మూడో నిమిషంలో అవతలివాళ్ళ కుర్రాడొకడు బంతి తీసుకుని ఒంటరిగా వచ్చాడు. క్లిఫ్ ఒక్కసారి కిందికి చూసి, గీతని చూసుకుని, కాళ్ళు పాతుకున్నాడు. బంతి కుడివైపు నేలబారుగా వచ్చింది. దూకాడు. వేలి కొసకి జానెడు దూరంలో లోపలికి పోయింది.

జనానికి ఏం కనబడింది? కీపర్ ఒక పక్కకి జరిగి నిలబడి, రెండో పక్క తలుపు బార్లా తెరిచిపెట్టినట్టు కనబడింది. ఆ సాయంత్రానికే ఊరంతా గుప్పుమంది, క్లిఫ్ అమ్ముడుపోయాడని.

వేసవిలో వోట్లు మాకు పడలేదు. లీగ్ నుంచి పోయాం, మళ్ళీ రాలేదు. పదేళ్ళకి క్లబ్బే మూతపడింది. నా గడ్డి మీద ఇప్పుడు తివాచీల గోదాం ఉంది. క్లిఫ్‌ని ఏ క్లబ్బూ తీసుకోలేదు. పోస్టుమాన్ అయ్యాడు, అదీ ఇదే ఊళ్ళో. "ఇంకెక్కడికైనా పోరాదురా?" అంటే, "పోతే తప్పు ఒప్పుకున్నట్టేగా" అన్నాడు. ఇరవై ఆరేళ్ళు ఇంటింటికీ ఉత్తరాలిచ్చాడు. ప్రతి వీధిలోనూ ఒక వెధవ ఉండేవాడు, చెయ్యి చాపి, "జాగ్రత్త క్లిఫ్, ఇదైనా జారవిడవకుండా ఇస్తావా?" అనేవాడు. క్లిఫ్ నవ్వి ఇచ్చేసి పోయేవాడు.

పబ్బులో అతని పక్కన కూర్చునే దిక్కు లేనప్పుడు వెళ్ళి కూర్చున్నది నేనే. అందరూ చూస్తుండగా బీరు పోయించాను. "స్నేహితుడంటే ఎర్నీ హాల్‌స్టెడ్‌రా" అని ఊరు చెప్పుకుంది. క్లిఫ్ పెళ్ళాం డొరీన్ చచ్చిపోతూ కూడా, "నువ్వు లేకపోతే నా మొగుడు ఏమైపోయేవాడో" అని నా చెయ్యి పట్టుకుంది. సిగ్గులేని ముండావాణ్ణి, ఆ చేతిని అలాగే పట్టుకుని కూర్చున్నాను.

ఇప్పుడు క్లిఫ్‌కి ఎనభై. రెండేళ్ళనుంచి మతిమరుపు. కూతురు గ్లెనిస్ చూసుకుంటోంది. గురువారం గురువారం నేను మాంసమూ బంగాళాదుంపా కూరిన పై రొట్టెలు రెండు పట్టుకుని వెళ్తాను. మొదట వీధుల పేర్లు పోయాయి, తర్వాత డొరీన్ పోయిన సంగతి పోయింది, ఆ తర్వాత ఆపిన ఆరు పెనాల్టీలూ పోయాయి. గోల్ మాత్రం పోలేదు.

పోయిన సెప్టెంబరులో ఒక గురువారం వెళ్తే ముందుగది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ద్వారబంధాలు రెండూ రెండు చేతులతో తడుముతున్నాడు. చెప్పు మడమతో తివాచీ మీద గీకుతున్నాడు. అక్కడ తివాచీ పోగులు లేచిపోయి అడుగున చెక్క కనబడుతోంది.

"నేను నడిమినే ఉన్నానురా ఎర్నీ. గీత మీదే ఉన్నాను. మరెలా పోయింది?" అన్నాడు.

గ్లెనిస్ వంటింట్లోంచి అంది: "రోజూ ఇదే బాబాయ్. రెండింటికి మొదలెడితే చీకటి పడేదాకా. రాత్రి పడుకోడు. 'నా తప్పే, నా తప్పే' అని ఒకటే ఏడుపు."

వీడు ఈ భారంతోనే పోతాడు, నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పలేరు. చెప్తే ఈ ఊళ్ళో నాకు మిగిలిన ఒక్క స్నేహితుడూ పోతాడు. పోతే పోనీ అనుకున్నాను.

"క్లిఫ్, కూర్చో. ఆ గీత నువ్వు గీసింది కాదురా" అని, ఇసకా మట్టీ అడుగున్నరా మొత్తం చెప్పాను.

కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం నల్లబడింది. ఆ వంకరవేళ్ళతో నా కాలరు పట్టుకున్నాడు. "నలభై తొమ్మిదేళ్ళురా! నా పక్కన కూర్చుని తాగావు కదరా!" బల్ల మీది టీకప్పు తీసి గోడకేసి కొట్టాడు. తర్వాత చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, "అయితే నా తప్పు కాదన్నమాట" అని, కుర్చీలోనే నిద్రపోయాడు.

గ్లెనిస్ గుమ్మంలో నిలబడి అంతా వింది. వీధి తలుపు తీసి పట్టుకుంది. నేను బయటికి నడిచాను.

తర్వాతి గురువారం వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? నాలుగింటికి ఫోన్ మోగింది.

"ఎర్నీ ఎందుకు రాలేదని అడుగుతున్నాడు" అంది గ్లెనిస్. బాబాయ్ అనలేదు. "మళ్ళీ గుమ్మంలో నిలబడ్డాడు."

"అదేమిటి? నేను చెప్పాను కదా!"

"నువ్వు చెప్పింది తెల్లారేసరికి మరిచిపోయాడు. గోల్ మరిచిపోలేదు. కానీ ఆ ఒక్క రాత్రీ హాయిగా నిద్రపోయాడు. రెండేళ్ళలో మొదటిసారి. నువ్వు రావాలి. వచ్చి మళ్ళీ చెప్పాలి. ప్రతి గురువారం."

"గ్లెనిస్, అమ్మా, నావల్ల కాదు..."

"నీవల్ల అవుతుంది. యాభై ఏళ్ళు చెప్పకుండా ఉండగలిగినవాడివి, చెప్పడం నీకో లెక్కా?" అని ఫోన్ పెట్టేసింది.

అప్పట్నుంచీ వెళ్తూనే ఉన్నాను. ఒకే తప్పు, ఒకే మనిషికి, ప్రతివారం కొత్తగా ఒప్పుకోవాలి. అలవాటైపోతుంది అనుకున్నాను కానీ కాలేదు, ఎందుకంటే అతనికి ప్రతిసారీ మొదటిసారే. ఒకవారం రొట్టె విసిరికొట్టాడు. ఒకవారం, "అడుగున్నరేనా? నేనింకా దూకాల్సిందిరా" అని పడిపడి నవ్వాడు. ఒకవారం ఒక్కమాటా మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ వారమే అన్నిటికంటే కష్టమైంది. గ్లెనిస్ నాకు టీ ఇవ్వడం మానేసింది. అడగలేదు నేను కూడా.

మొన్న గురువారం అంతా విన్నాడు. కాలరు పట్టుకోలేదు. కిటికీలోంచి వీధి అటూ ఇటూ చూసి, కర్టెను లాగేశాడు. కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు.

"ఇంకెవరికైనా చెప్పావురా ఎర్నీ?"

"లేదు."

"చెప్పకు." గొంతు బాగా తగ్గించాడు. "ఈ ఊరి సంగతి నీకు తెలీదు. బతకనివ్వరు. వీధిలో నడుస్తుంటే వెనకనుంచి అరుస్తారు. నీ పిల్లల్ని బడిలో ఏడిపిస్తారు. అది నేను పడ్డానురా, నీకొద్దు. నేనెలాగూ అలవాటు పడిపోయాను, నా మీదే ఉండనీ." నా చేతిమీద తట్టాడు. "గోల్ నాదే అనుకుందాం."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి గ్లెనిస్ ఒక కప్పు టీ తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. నేను తాగలేకపోయాను.

వారమంతా నాకు కంటిమీద కునుకు లేదు. ఈ ఒక్కమాటైనా అతనికి గుర్తుంటే బాగుండునని ఒకసారి, గుర్తుండకపోతేనే మంచిదని ఒకసారి అనుకున్నాను. ఇవాళ మధ్యాహ్నం రొట్టెలు రెండూ పట్టుకుని వెళ్ళాను. క్లిఫ్ గుమ్మంలో నిలబడి, ద్వారబంధాలు తడుముకుంటూ, మడమతో చెక్క మీద గీకుతున్నాడు. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"వచ్చావా ఎర్నీ! నీకు గడ్డి సంగతులన్నీ తెలుసు కదా, ఇలా రా, చూసి చెప్పు. నేను నడిమినే ఉన్నాను కదరా?"

రొట్టెల పొట్లం గ్లెనిస్ చేతికిచ్చి, అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కోటు విప్పకుండానే పక్కన కూర్చుని, మొదలుపెట్టాను.