అత్తగారి ఎర్రనీళ్లు

మా రేడియోకి ఒకటే గది, ఒకటే మైకు, రెండు నోళ్లు. పై వీధి నోరు నాది, కింది వీధి నోరు గడియారాలు బాగుచేసే తాతది. రెండు వీధుల జాతులూ వేరు, భాషలూ వేరు. పోయినేడు రాళ్లు రువ్వుకున్నాక, పుకార్ల నోరు మూయించడానికి ఈ స్టేషన్ పెట్టుకున్నాం. పుకారు వినబడితే ఇద్దరం కలిసి వెళ్లి కళ్లారా చూడాలి. తప్పు ఏ వీధిదైతే ఆ వీధి మనిషే ముందు మైకులో చెప్పాలి. ఈ పద్ధతి పెట్టిందాన్ని నేనే, బుద్ధి గడ్డి తిని.

మొన్న పొద్దున కింది వీధి నీళ్లతొట్టి ఎర్రబడింది. పై వీధివాళ్లే విషం కలిపారని కింది వీధివాళ్లు అన్నారు. గంటలో వీధుల మధ్య వంతెనకి రెండువైపులా కర్రలు లేచాయి.

తాతా నేనూ ఆ తొట్టికి నీళ్లు తెచ్చే కాలువ వెంబడి ఎరుపు ఎక్కడినుంచి వస్తోందో చూస్తూ పైకి నడిచాం. అది బడి దాటింది, రొట్టెల దుకాణం దాటింది, సరిగ్గా మా పెరటి గుమ్మం దగ్గర ఆగింది. నూలుకి రంగులద్దే మా అత్తగారు, పారబోసే గుంటదాకా మోయలేక, రంగునీళ్లు కాలువలో కుమ్మరిస్తోంది.

"తుప్పు కొట్టుకొచ్చిందని చెప్పేద్దాంలే అమ్మా," అన్నాడు తాత మెల్లగా.

నిజం చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది. అత్తగారు పగలంతా రేడియో చెవికి ఆనించుకునే ఉంటుంది. ఆవిడ నోట్లో పడితే నా పని అయిపోయినట్టే. కానీ ఒక్క అబద్ధం బయటపడితే రేపు మా మాట ఎవడు నమ్ముతాడు?

"అది విషం కాదు, నూలు రంగు. పోసింది మా అత్తగారు. పై వీధి తరఫున క్షమించమంటున్నాను," అని మైకులో చెప్పేశాను. తాత అదే తన భాషలో చెప్పి, ఈ పిల్లకి ఇవాళ ఇంట్లో అన్నం పుట్టదు, ఎవరైనా పెట్టండని కలిపాడు. వంతెన మీద నవ్వులు మొదలయ్యాయి, కర్రలు దిగాయి.

బిక్కుబిక్కుమంటూ ఇంటికెళితే తాళం. వెతగ్గా వెతగ్గా అత్తగారు కింది వీధిలో దొరికింది. చీపురు పట్టుకుని ఆడవాళ్లతో కలిసి తొట్టి తోముతోంది. వాళ్లు వాళ్ల భాషలో పురమాయిస్తున్నారు, ఆవిడ మా భాషలో తిడుతోంది, పని మాత్రం సాగిపోతోంది. నన్ను చూడగానే ముగ్గురు ఆడవాళ్లు మూతపెట్టిన గిన్నెలతో ఎదురొచ్చారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

అత్తగారు గిన్నెలకేసి, నాకేసి చూసింది. తాత తన భాషలో ఏం కలిపాడో నేను చెప్పాక చీపురు నా చేతికిచ్చింది.

"నా కోడలికి నేను అన్నం పెట్టనా? ఇదీ పుకారే. కింది వీధిది కదా, ఆ తాతనే చెప్పమను."

మర్నాడు పొద్దున్నే తాత మైకు ముందు కూర్చుని, గొంతు సవరించుకున్నాడు.