పసుపు విమానానికి సోకిన గాలి

ఫోన్‌లో ఒరెస్ట్ "తోక తెచ్చుకో" అన్నాడు. కార్నీ చెవిలో అది "కోక్ తెచ్చుకో" అని పడింది. అందువల్ల ఆ ఆదివారం మధ్యాహ్నం కార్నీ థీసెన్ యుద్ధభూమికి రెండు పెట్టెల కోక్ మోసుకుంటూ వచ్చాడు. చల్లగా ఉన్నాయి కూడా. కానీ యుద్ధానికి కావలసింది కాగితపు తోక. రిమోట్‌తో నడిచే బొమ్మ విమానం వెనక పొడవాటి రంగు కాగితం కట్టి ఎగరేస్తారు. ఎవరి రెక్క ఎవరి తోకని తెంపితే వాళ్లది గెలుపు. రూతాన్ లాపాయింట్ కార్నీని పైనించి కిందికి చూసి, శత్రువు మీద తేన్చుదామని వచ్చావా అని అడిగింది. ఆమె బడి బస్సు నడుపుతుంది. గోల చేసే మూకని రోజూ అద్దంలోంచి చూపుతోనే అణిచే మనిషి. పాపం అని తన సంచిలోంచి గులాబీ రంగు కాగితపు చుట్ట తీసి, ఓ బారెడు చింపి ఇచ్చింది.

ఇద్దరూ ఈ ఆటకి కొత్త. వాళ్ల విమానాలు ఎంచింది ఒరెస్ట్ బొద్నార్. ఎంపికకి నెలంతా పట్టింది, అందులో ముప్పాతిక కాలం కార్నీతో వాదనే. కార్నీకి పాతకాలపు యుద్ధవిమానం కావాలి, ముక్కు మీద సొరచేప పళ్లతో. పళ్లుంటే సరా, ఒక్కసారి నేలని ముద్దాడితే ఆ పళ్లు నువ్వే ఏరుకోవాలి అన్నాడు ఒరెస్ట్. రూతాన్ నేర్చుకునేవాళ్లకి ఇచ్చే నెమ్మదైన విమానం చాలంది. అది మంచిదే కానీ మరీ మంచిది, తోక తెంపమంటే ముందు క్షమాపణ అడుగుతుంది అన్నాడు ఒరెస్ట్. చివరికి ఒరెస్ట్ తోకే లేని, ఒట్టి రెక్క ఆకారంలో ఉన్న ఫోమ్ విమానాలు తెప్పించాడు. పంకా వెనకుంటుంది కాబట్టి పడ్డా విరగదు, రెక్క చీలితే జిగురు రాసి ఓ కోక్ తాగేలోపు మళ్లీ ఎగరేయొచ్చు. అందరికీ ఒకే మోటారు, ఒకే బ్యాటరీ. అప్పుడు గెలుపు జేబుది కాకుండా బొటనవేళ్లది అవుతుంది. ఏది పైవైపో ఏది కిందివైపో తెలియడానికి పొట్ట మీద నల్ల పట్టీ. వెనక తోక కట్టాక కార్నీ, తోకలేని దానికి తోక తగిలించి తెంపుకోవడమేమిటి గురూ, ఇదేం పిచ్చి అన్నాడు.

మూడు విమానాలకి డబ్బు కడితే రెండే వచ్చాయి. అందుకే ఒరెస్ట్ డెల్మార్‌ది ఎగరేస్తున్నాడు.

డెల్మార్, ఒరెస్ట్ ఇరవై ఏళ్లుగా ఈ మైదానంలో ఒకరి తోక ఒకరు తెంపుకున్నారు. మైదానం డెల్మార్‌దే, ఇంటి వెనక గడ్డిభూమి. మార్చిలో వాకిట్లో మంచు ఎత్తిపోస్తూ పార మీదికే ఒరిగి ప్రాణం విడిచాడు. వేసవి చివర అతని భార్య వెర్నా పసుపు రంగు విమానాన్నీ దాని రిమోట్‌నీ ఒక అట్టపెట్టెలో పెట్టి ఒరెస్ట్‌కి ఇచ్చింది. ఆ విమానం ఆ రిమోట్ మాట తప్ప వినదు.

వినకపోవడమే ఇప్పుడు గొడవ. గడచిన రెండు ఆదివారాలూ సాధనలో అది ఒరెస్ట్ మాట కూడా వినలేదు. కాసేపు బుద్ధిగా ఎగిరేది. జోరు పెంచగానే చేయి దాటిపోయేది. ఎడమకి తిప్పితే కొక్కెంలా పైకి లేచి, ఎడమ భుజం మీదికి జారి, కిందికి దూకేది. దింపడానికి జోరు తగ్గిస్తే మళ్లీ దారికొచ్చేది. తప్పుగా ఎగిరితే అంత భయం ఉండేది కాదు. అది డెల్మార్ ఎగరేసినట్టే ఎగిరింది. ఆ కొక్కెం ఈ జిల్లాలో ఇంకెవరూ వేయలేదు. కొత్తవాళ్లిద్దరికీ తమ విమానాల మీదే చూపు కనక ఇది ఒరెస్ట్ ఒక్కడికే తెలుసు.

డెల్మార్ తిరిగొచ్చాడని నమ్మడం కంటే నమ్మడానికి సులువైనది ఇంకొకటి ఉంది. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. ఒరెస్ట్ తండ్రికి చివరి ఏళ్లలో చేతులు వణికేవి. సూప్ చెంచా నోటి దాకా వచ్చేసరికి ఖాళీ అయ్యేది. ఆయనకి మొదలైంది కూడా ఈ వయసులోనే. చెయ్యి తను చెప్పనిది చేస్తోందని ఆయన మొదట చెప్పినప్పుడు ఇంట్లో అందరూ నవ్వారు. ఒరెస్ట్ చలికాలం ఇళ్లని వెచ్చబరిచే ఫర్నేసులు బాగుచేస్తాడు. మంట పక్కన సన్నని మరలు బిగించే పని. ఆ చేతులతోనే బతుకు. ఈ ఆదివారం కూడా విమానం మాట వినకపోతే రిమోట్ మూలన పెట్టి డాక్టరు దగ్గరికి పోవాలని నిశ్చయించుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే కార్నీ దాని మీద జోకు వేస్తాడు, అది బాగుంటే తనే నవ్వాల్సి వస్తుంది.

ఉత్తరాన అడవులు తగలబడుతున్నాయి. వారం నుంచి పొగ కిందికి దిగి ఉంది. పట్టపగలే సూర్యుడు నేరుగా చూడగలిగేంత ఎర్రగా, చిన్నగా ఉన్నాడు. కోసేసిన పొలాల మీద పిట్ట లేదు. గడ్డిపరక కదలడం లేదు. విమానాలకి ఇంతకంటే మంచి రోజు ఉండదు. మనుషులకి మాత్రం గొంతులో ఏదో అడ్డుపడినట్టు ఉంది. మైదానం అవతల చెట్ల వరస పక్కన వెర్నా పికప్ ఆగి ఉంది. ప్రతి ఆదివారం అలాగే ఆగుతుంది. ఆమె దిగదు, అద్దం దించదు. దుఃఖంలో ఉన్న మనిషి కదా అని వీళ్లూ పలకరించడం మానేశారు.

మూడు విమానాలూ లేచాయి. గులాబీ, తెలుపు, నీలం తోకలు పొగలో ఈదుతున్నట్టు కదిలాయి. ఒరెస్ట్ చేతులకేసి చూసుకున్నాడు. వణకడం లేదు. పసుపు విమానం చెప్పినట్టే వింటోంది. అలవాటుగా, రిమోట్ కుడి భుజాన ఉన్న స్విచ్ పైకెత్తాడు. అది జోరు స్విచ్. యుద్ధం మొదలవగానే అందరూ ఎత్తేదే. ఎత్తితే విమానం మలుపులు పదునెక్కుతాయి.

పసుపు విమానం ఒక్క క్షణం తడబడింది. తర్వాత కొక్కెంలా పైకి లేచింది.

ఒరెస్ట్ కుడికి తిప్పాడు. అది ఎడమ భుజం మీదికి జారింది. పైకి లాగాడు. అది కిందికి దూకి, కార్నీ విమానం వెనక నుంచి సర్రున దూసుకుపోయింది. గులాబీ కాగితం తెగి, గాలి లేని గాల్లో ఎటు పోవాలో తెలియక అక్కడే వేలాడింది. పసుపు విమానం ఎడమ రెక్క ఓసారి వంచి లేపింది, టోపీ ఎత్తి నమస్కరించినట్టు. తోక తెంపిన ప్రతిసారీ డెల్మార్ చేసేది అదే.

అప్పుడు ఒరెస్ట్ ఇన్నేళ్లలో ఏనాడూ చేయని పని చేశాడు. రిమోట్ మెడతాడుకి వదిలేసి రెండు చేతులూ పైకెత్తాడు.

విమానం ఎగురుతూనే ఉంది. చక్కగా, తొందర లేకుండా మైదానం చుట్టూ ఒక చుట్టు చుట్టింది.

రూతాన్ అది చూసింది. "ఒరెస్టూ, నీ చేతులు పైనున్నాయి."

"తెలుసు."

"మరి దాన్ని ఎవరు నడుపుతున్నారు?"

అతను చేతులు దించకుండానే విమానం కేసి చూశాడు. చేతులు తప్పు చేయలేదని తెలిసిన సంతోషం రావలసిన చోటికి వచ్చింది కానీ, అక్కడ అప్పటికే ఇంకేదో కూర్చుని ఉంది. కార్నీ తన విమానాన్ని ఎలాగో గడ్డిలో పడేసి, ఇవాళ గాలి వీచడం లేదు గురూ, గాలి సోకినట్టుంది అన్నాడు. తన జోకుకి తను కూడా నవ్వలేదు.

పసుపు విమానం వాళ్లని వదిలి చెట్ల వరస వైపు మళ్లింది. క్రమంగా దిగుతూ వెళ్లి పికప్ మీద, మనిషి ఎత్తుకి కాస్త పైన, గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. నీలం తోక బండి పైకప్పుని నిమురుతున్నట్టు తాకుతోంది. దాని సన్నని మోటారు రొద తప్ప మైదానంలో ఇంకో చప్పుడు లేదు.

ముగ్గురూ నడిచారు. పరుగెత్తాలని ఎవరికీ అనిపించలేదు. దగ్గరికి వెళ్లేసరికి అద్దం లోపల వెర్నా కనిపించింది. ముఖం పైకెత్తి ఉంది. పెదవులు కదులుతున్నాయి. ఒడిలో ఏదో ఉంది, దాని మీద రెండు బొటనవేళ్లూ మెల్లగా ఆడుతున్నాయి. ఒరెస్ట్ అద్దం మీద తట్టాడు. ఆమె చూపు తిప్పకుండానే అద్దం దించింది.

"దగ్గరికి రమ్మన్నాను," అంది వెర్నా. "వచ్చాడు."

ఆమె ఒడిలో ఉన్నది ఇంకో రిమోట్.

ఆమె చెప్పిందంతా మెల్లగా, పైకి చూస్తూనే చెప్పింది. కిందటి శరదృతువులో ఒరెస్ట్ పనికి పోయిన రోజుల్లో డెల్మార్ ఆమెకి ఎగరేయడం నేర్పాడు. వేసవిలో ఆమె చేత ఒరెస్ట్ తోక తెంపించాలని అతని పన్నాగం. అతను పోయాక ఆ రిమోట్ సొరుగులో దొరికింది. వెలిగిస్తే తెర మీద 'వెర్నా' అని వస్తుంది, అతను ఎక్కించిన పేరే. అది చూసుకోవడానికే ఆదివారాలు ఇక్కడ కూర్చుని వెలిగించేది. పైన విమానం తిరుగుతుంటే ఊరికే దానితో పాటు వేళ్లు కదిపేది. ఉన్నట్టుండి ఆమె వేళ్లు ఎటు పోతే విమానం అటు పోవడం మొదలైంది.

"మొదట నువ్వనుకున్నా ఒరెస్ట్. తర్వాత కొక్కెం వేసింది. నువ్వెప్పుడూ దాన్ని సరిగ్గా వేయలేదు."

ఆమె రిమోట్ కాదు, ఒరెస్ట్ మెడలోది బీప్ మంది. విమానంలో బ్యాటరీ అయిపోవస్తోంది. వెర్నా వేళ్లు ఆగిపోయాయి. "దింపడం నాకు రాదు. ఎప్పుడూ డెల్మారే దింపేవాడు," అంది. పసుపు విమానం ఓ పక్కకి ఒరగసాగింది.

ఒరెస్ట్ రిమోట్ అందుకున్నాడు. వేలు కుడి భుజం మీది స్విచ్‌కి తగిలింది. ఒక్కసారి దానికేసి చూసి, కిందికి దించాడు. విమానం తడబడి నిలదొక్కుకుంది. ఎడమకి అంటే ఎడమకే వెళ్లింది. ఇంటి కప్పు దాటించి, ఎర్రటి సూర్యుడి ముందు నుంచి తిప్పి, ఆ కాస్త బ్యాటరీతోనే పికప్ ముందు గడ్డిలో, పిల్లిని నేల మీదికి వదిలినట్టు దింపాడు. తర్వాత చేతులు చాపి చూసుకున్నాడు. అవి కదల్లేదు. వాళ్ల నాన్నవి కాదు, తనవే.

బండి బానెట్ మీద రెండు రిమోట్లూ పక్కపక్కన పెట్టి అప్పుడు అందరికీ చెప్పాడు. నేర్చుకునేవాళ్ల రిమోట్ గాల్లోనే గురువు రిమోట్‌తో మాట్లాడుతుంది. గురువు దగ్గర ఒక స్విచ్ ఉంటుంది. అది పైకెత్తితే విమానం శిష్యుడిది, దించితే గురువుది. వెర్నాకి నేర్పుతున్నప్పుడు డెల్మార్ తన జోరు స్విచ్‌నే దానికి కేటాయించాడు. ఒరెస్ట్ చూసుకోలేదు. ఇంకొకరి రిమోట్ పట్టుకున్నవాడు ముందు ప్రతి స్విచ్‌నీ అడిగి చూడాలి. కానీ జోరు స్విచ్‌ని ఆ భుజాన పెట్టడం తనకి నేర్పిందే డెల్మార్ కాబట్టి అనుమానం రాలేదు. యుద్ధం మొదలైన ప్రతిసారీ తన చేత్తో తనే విమానాన్ని వెర్నాకి అప్పగించాడు. ఆమె ఎగరేసింది డెల్మార్ నేర్పినట్టు.

"అంటే నా తోక తెంపింది దెయ్యం కాదన్నమాట," అన్నాడు కార్నీ. గొంతులో కాస్త నిరాశ ఉంది. దెయ్యం చేతిలో ఓడిపోతే పరువు దక్కేది.

రూతాన్ అతని మోచేతి మీద పొడిచింది. వెర్నా బండి దిగి వచ్చి రిమోట్ల ముందు నిలబడింది. ఆ స్విచ్‌ని వేలితో పైకి ఎత్తింది, దించింది, మళ్లీ ఎత్తింది.

"అయితే ఒక్కసారైనా అతను లేడా?"

ఒరెస్ట్ అబద్ధం చెబుదామని చూశాడు. మాట నోటిదాకా వచ్చింది కూడా.

"పైకెత్తితే నువ్వు, దించితే నేను. మూడో మనిషికి ఇందులో చోటు లేదు వెర్నా."

ఆమె తల ఊపింది. అయినా తనకి అర్థం కాలేదనీ, డెల్మార్ నేర్పిన దగ్గర్నుంచి మళ్లీ చెప్పమనీ అంది. ఒరెస్ట్ మళ్లీ చెప్పాడు.