మైకు నా దాకా రాలేదండి

నేను ఒక మైకును. తల మీద ఇనుప జల్లెడ, కింద నల్లటి పిడి, వెనక తోకలాగా బారెడు వైరు. ఈమధ్య వస్తున్న వైరు లేని నాజూకు మైకుల జాతి కాదు నాది. పాతకాలపు బరువైన సరుకుని. నన్ను చేతిలోకి తీసుకున్న ప్రతివాడూ మొదట ఉఫ్ ఉఫ్ అని మొహం మీద ఊదుతాడు. తర్వాత నెత్తిన రెండు మొట్టికాయలు వేస్తాడు. ఆ పైన "వినపడుతోందా?" అని జనాన్ని అడుగుతాడు. ఇన్నేళ్ళ సర్వీసులో "నీకేమైనా దెబ్బ తగిలిందా" అని నన్నడిగిన మహానుభావుడు ఒక్కడూ లేడు. పోనీలెండి, అలవాటైపోయింది.

నేను పుట్టింది ఎక్కడో ఉత్తరాదిన, ఒక ఫ్యాక్టరీలో. నా లోపలి సన్నటి తీగ చుట్టిన అమ్మాయి పని చేస్తున్నంతసేపూ ఏదో కూనిరాగం తీస్తూ ఉండేది. ఆ భాష నాకు అర్థం కాలేదు గానీ, నేను విన్న మొదటి గొంతు అదే. దాన్ని పెద్దది చేసి నలుగురికీ వినిపించాలని నాకెంత ఉన్నా, అప్పటికింకా నాకు వైరు తగిలించలేదు. ఆ ముచ్చట తీరకుండానే నన్ను అట్టపెట్టెలో పెట్టి విజయవాడ బండెక్కించారు.

అక్కడ నన్ను కొన్నది ఒక హరిదాసు. మంచి మనిషి. కథ అయిపోగానే కండువాతో నా మొహం తుడిచేవాడు. కొన్నేళ్ళకి ఆయన గొంతు పోయింది. నన్ను గోగులపాడు తీసుకొచ్చి, సౌండు షాపు వీరరాఘవులి చేతిలో పెట్టి, "ఇక దీన్ని నువ్వే చూసుకో" అన్నాడు. వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి రెండుసార్లు చూశాడు. మనుషుల మీద నాకు కాస్తో కూస్తో గౌరవం మిగిలిందంటే ఆ చూపు వల్లే.

రాఘవులి దగ్గర చేరాక నాకు తీరిక లేదు. పెళ్ళి, దినం, వినాయక చవితి, ఎన్నికలు, అన్నిటికీ నేనే. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు బాబాయి పాట పాడబోయి నన్ను పాయసం గంగాళంలో పడేశాడు. ఆ రోజు నుంచి నా స్విచ్చి పేరుకే స్విచ్చి. పైకి నొక్కినా కిందకి నొక్కినా నేను మాత్రం ఆగను. రాఘవులు దాన్ని బాగు చేయించలేదు. "యాంప్లిఫయర్ దగ్గర కట్టేస్తే సరిపోద్ది కదా" అనేవాడు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇక గోగులపాడు సంగతి. మా ఊళ్ళో తిట్టినా ఊరుకుంటారు గానీ, సభలో పేరు మర్చిపోతే ఊరుకోరు. ఎవడు నన్ను పట్టుకున్నా ముందు వేదిక మీదున్న పెద్దలందరి పేర్లూ చదవాలి. ఆ తర్వాత ముందు వరసలో కూర్చున్నవాళ్ళవి. ఆపైన రాలేకపోయినవాళ్ళవి కూడా. ఒకసారి బడికి కొత్త గది కట్టినప్పుడు వైస్ ప్రెసిడెంటుగారి పేరు చదవడం మర్చిపోయారు. ఆ షామియానా ఆయన ఇచ్చింది. సభ జరుగుతుండగానే మనుషుల్ని పెట్టి గుంజలు పీకించి, షామియానా చుట్టబెట్టుకుని పోయాడు. పెద్దలంతా మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి జనగణమన పాడారు. అప్పటినుంచీ ఎవడికీ పేర్లు వదిలే ధైర్యం లేదు.

అలాంటి ఊరికి హైవే వచ్చిపడింది. మా ఊరి ఇళ్ళన్నీ రోడ్డుకి ఇటువైపు, చేలన్నీ అటువైపు. ఇన్నాళ్ళూ అటూ ఇటూ చూసుకుని దాటేసేవాళ్ళు. ఇప్పుడు దాన్ని నాలుగు వరసల రోడ్డు చేసి, రెండు మనుషుల ఎత్తు గట్టు మీదకి లేపుతారట. దాటాలంటే పక్క ఊరు కూడా దాటి, కాలవ వంతెన దాకా పోయి, దాని కింద నుంచి అవతలికెళ్ళి, మళ్ళీ అంత దూరమూ వెనక్కి నడవాలి. ట్రాక్టరున్నవాళ్ళు విసుక్కున్నారు. మోటారు సైకిలున్నవాళ్ళు తిట్టుకున్నారు. అచ్చాయమ్మకి మాత్రం అన్నం సయించలేదు.

అచ్చాయమ్మ బాతులు మేపుతుంది. రోజూ పొద్దున్నే బాతుల మందని రోడ్డు దాటించి, కోత కోసిన చేలల్లోకి తోలుకెళ్తుంది. రాలిన గింజలు, నత్తలు తిని అవి గుడ్లు పెడతాయి. ఆ గుడ్ల మీదే ఆమె ఇల్లు గడుస్తోంది. కాలవ వంతెన దాకా బాతుల్ని నడిపించడమంటే అయ్యే పని కాదు. సగం దారిలో చతికిలబడతాయి, మిగతావి లారీల కింద పడతాయి. గట్టు లేచిన రోజున మంద అమ్ముకుని రొయ్యల ఫ్యాక్టరీలో పనికి పోవడం తప్ప ఆమెకి ఇంకో దారి లేదు. తణుకు వ్యాపారి ఒకడు అప్పుడే వచ్చి బాతుల్ని చూసుకుని పోయాడు కూడా.

అంతలో పంచాయతీ ఆఫీసు ముందు మీటింగు పెడుతున్నామని, హైవే ఇంజనీరు వచ్చి అందరి మాటా వింటాడని చాటించారు. రాఘవులి షాపు రోడ్డు పక్కనే. బాతుల వెనక నడుస్తూ అచ్చాయమ్మ తను అనబోయే మాట వల్లె వేసుకోవడం షాపులోంచి నాకు వినిపించేది. "అయ్యా, నాకు బాతులున్నాయండి. వాటికి దారి కావాలండి." అంతే ఆమె ఉపన్యాసం. దాన్నే రోజూ అనుకుంటూ పోయేది. అంత చిన్న ఉపన్యాసం నా జన్మలో వినలేదు. దాన్ని ఊరంతటికీ వినిపించే అదృష్టం నాదే కదా అని మురిసిపోయాను.

మీటింగు రోజు రాఘవులు షామియానాలో ఒక సౌండు బాక్సు పెట్టాడు. వంటిళ్ళలో ఉన్న ఆడవాళ్ళకీ వినపడాలని వాటర్ ట్యాంకు మీద పెద్ద గొట్టం కూడా కట్టాడు. ఇంజనీరు దివాకర్‌గారు వేళకే వచ్చారు. సన్నగా, ఎండకి కమిలిన మొహంతో ఉన్నారు. మధ్యాహ్న భోజనం దాకా ఉంటానని, అడగదలుచుకున్నవి అడగమని చెప్పి, కాయితం మీద కలం పెట్టుకుని కూర్చున్నారు.

ప్రెసిడెంటు భీమేశ్వరరావుగారు నన్ను అందుకున్నారు. ఊదారు, మొట్టారు, పేర్లు మొదలెట్టారు. అవి అయ్యాక ఇంజనీరుగారికి దుశ్శాలువా కప్పారు. తర్వాత వైస్ ప్రెసిడెంటుగారు అవే పేర్లు ఇంకో వరసలో చదివారు, ఆయన పూలదండ వేశారు. తర్వాత సోమయాజులు మాస్టారు లేచారు. రిటైరయ్యాక ఆయనకి వినేవాళ్ళు కరువయ్యారు. అశోకుడు దారుల పక్కన చెట్లు నాటించిన దగ్గర్నుంచి మొదలెట్టి, తురకల కాలం, ఇంగ్లీషువాళ్ళ కాలం దాటి, స్వాతంత్ర్యం వచ్చే సరికి ఇంజనీరుగారు వాచీ చూసుకున్నారు. వెనక వరసలో, గుంజ పక్కన, అచ్చాయమ్మ లేచి నిలబడి ఉంది. నేను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి, ఈ చేతిలోంచి ఆ చేతిలోకి పోతున్నానే గానీ, వేదిక దిగితేనా! నాకే గనక కాళ్ళుంటే నడిచి వెళ్ళేవాణ్ణి.

చివరికి వందన సమర్పణ కూడా అయిపోయింది. అందులోనూ పేర్లే. రోడ్డు గురించి ఒక్క ముక్క ఎవరూ అడగలేదు. ఇంజనీరుగారు కాయితం మీద ఏదో ఒక్క వాక్యం రాసుకుని, దాన్ని మడిచి, కలానికి మూత పెట్టేశారు. పులిహోర వాసన రాగానే షామియానా ఖాళీ అయిపోయింది. రాఘవులు సౌండు బాక్సు వైరు పీకి, నన్ను మజ్జిగ బిందె పక్కన బల్ల మీద పెట్టి, స్విచ్చి కిందకి నొక్కి, గారెలు అయిపోతాయేమోనని పరిగెత్తాడు. యాంప్లిఫయర్ కట్టెయ్యడం మర్చిపోయాడు. వాటర్ ట్యాంకు మీద గొట్టం అలాగే మోగుతోంది. దాని మూతి ఆఫీసు వెనక ఇళ్ళ వైపు తిరిగి ఉండటంతో షామియానాలో ఉన్నవాళ్ళకి ఆ సంగతి తెలీదు.

ఇంజనీరుగారు మజ్జిగ కోసం బల్ల దగ్గరికి వచ్చారు. భోజనానికి పోకుండా అక్కడే కాసుకుని ఉన్న అచ్చాయమ్మ గ్లాసు నింపి ఇచ్చింది. ఇచ్చి, అక్కణ్ణుంచి కదల్లేదు.

"ఏంటమ్మా?" అన్నారాయన.

"అయ్యా, నాకు బాతులున్నాయండి. వాటికి దారి కావాలండి." గుక్క తిప్పుకోకుండా అనేసింది. ఆ తర్వాత ఏమనాలో వల్లె వేసుకోలేదు కాబట్టి కాస్త తడబడింది. "రోజూ రోడ్డు దాటి చేలల్లోకి తోలుకెళ్తానండి. గట్టు లేపేశాక ఎలాగండి? వంతెన దాకా నడవలేవు గదండి అవి. అమ్మేసుకోమంటున్నారు అందరూ. చిన్నప్పట్నుంచీ ఇదే పనండి, నాకింకోటి చేతకాదు."

ఆయన గ్లాసు కింద పెట్టారు. "ఇక్కడ మురుగునీటికి గట్టు కింద తూము ఒకటి పెడుతున్నామమ్మా. డిజైను ఇంకా ఖాయం కాలేదు. ఊరు అడిగితే దాన్ని మనిషి నడిచేంత పెద్దది చెయ్యమని పైకి రాయొచ్చు. ఊరు అడగాలి కదా. ఈ గోగులపాడువాళ్ళు ఒక్కరూ నోరు విప్పలేదు. ఏ అభ్యంతరాలూ లేవని రాసుకున్నాను."

"అడుగుదామనే వచ్చానండి."

"మరి పొద్దున్నుంచీ ఎందుకు అడగలేదు?"

"మైకు నా దాకా రాలేదండి."

ఆ మాట వాటర్ ట్యాంకు మీద నుంచి ఊరి నాలుగు మూలలకీ వెళ్ళింది. తర్వాత రాఘవులు చెప్పగా విన్నాను. మంగలి షాపులో కత్తి గడ్డం మీదే ఆగిందట. సోమయాజులు మాస్టారి ఇంట్లో ఆయన భార్య పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూసుకోలేదట. పంచాయతీ ఆఫీసు వెనక తింటున్నవాళ్ళు ముందు తలలెత్తి ట్యాంకు వైపు చూశారు. తర్వాత ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అభ్యంతరాలు లేవని రాసుకున్నారన్న మాట అందరి చెవిలోనూ పడింది. ఎందుకలా రాసుకున్నారో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

మొదట వచ్చింది మాస్టారే, ఎంగిలి చెయ్యి కడుక్కోకుండా. ఆయన వెనక ప్రెసిడెంటుగారు, ఆయన వెనక ఊరు. ఇళ్ళలోంచి ఆడవాళ్ళు కూడా కొంగులు బిగించుకుని వచ్చేశారు. ఇంజనీరుగారు ఆ గుంపుని చూసి, నన్ను చూసి, నా నెత్తిన వేలితో తట్టారు. ట్యాంకు మీద టక్ టక్‌మంది. కోప్పడతారనుకున్నాను. ఆయన నవ్వేసి, శాలువా తీసి కుర్చీకి వేసి, మళ్ళీ కాయితం తెరిచారు.

"సరే, మళ్ళీ మొదలెడదాం. నమస్కారాలు అయిపోయాయి కాబట్టి సరాసరి విషయానికి రండి. ముందు ఈవిడ."

నన్ను తీసుకెళ్ళి అచ్చాయమ్మ చేతికిచ్చింది సాక్షాత్తూ ప్రెసిడెంటుగారే. ఆవిడ ఊదలేదు, మొట్టలేదు. గుడ్డుని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది. అప్పుడు నాకు కళ్ళుంటే నీళ్ళొచ్చేవి. తన మాట ఇంకోసారి చెప్పింది. తర్వాత బడి పిల్లల గురించి ఒకావిడ, కోత మిషను గురించి ఒక రైతు, బస్సాగే చోటు గురించి ఇంకొకరు చెప్పారు. వైస్ ప్రెసిడెంటుగారు నన్ను అందుకుని అలవాటు కొద్దీ "వేదికనలంకరించిన" అని మొదలెట్టి, ఆగి, "మా చేలకి దారి కావాలి" అని ముగించేశారు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన జీవితంలో ఎవరూ చెప్పకుండా పడ్డ చప్పట్లు అవేనేమో, చాలాసేపు నిలబడే ఉన్నారు. చివర్లో ఊరంతా కలిసి తీర్మానం చేసి సంతకాలు పెట్టారు.

అడిగినవన్నీ దక్కలేదు. బస్సాగే చోటు ఊరికి దూరంగా పోయింది. రాఘవులి షాపు వసారా రోడ్డులో కలిసిపోయింది. తూము మాటేమో పైనుంచి ఎంతకీ తేలలేదు. గట్టుకి మట్టి తోలడం మొదలెట్టాక తణుకు వ్యాపారి మళ్ళీ వచ్చి, సగం మందని లారీలో ఎక్కించుకుని పోయాడు. ఆ రోజు అచ్చాయమ్మ మిగిలిన బాతులతో షాపు ముందు నుంచి వెళ్తూ ఒక్క మాట కూడా అనలేదు. వల్లె వేసుకోవడానికి ఏమీ మిగల్లేదు కాబోలు. నాకు మహా బెంగేసింది. మిగిలిన సగానికి కూడా వ్యాపారి రోజు చెప్పి వెళ్ళాడు.

ఆ రోజు రాకముందే దివాకర్‌గారు జీపులో వచ్చి అచ్చాయమ్మ ఇల్లు ఎక్కడని రాఘవుల్ని అడిగారు. తూము పెద్దది చెయ్యడానికి ఒప్పుకున్నారని, ఆ మాట ఆవిడకి తనే చెబుతానని అన్నారు. మైకు కావాలా అని రాఘవులు అడిగితే, "వద్దులే, ఈసారి నాలుగు మాటలే" అన్నారు. నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది గానీ, ఆ సంతోషంలో పట్టించుకోలేదు.

ఇప్పుడు రాఘవులు వైరు లేని మైకు కొన్నాడు. దాని స్విచ్చి నొక్కితే బుద్ధిగా ఆగిపోతుంది. నేను షాపులో మేకుకి వేలాడుతున్నాను. మా ఊరి సభల్లో ఇప్పటికీ పేర్లు చదువుతారు, అది పోయే జబ్బు కాదు. కాకపోతే అంతకంటే ముందు, "ఎవరికైనా ఏదైనా అడగాలనుందా" అని ప్రెసిడెంటుగారు మైకు పట్టుకుని వెనక వరస దాకా నడిచి వెళ్తారు.

ఆ తూముకి ఊళ్ళో బాతుల తూమనే పేరు స్థిరపడింది. మీటింగులో కాదు, దానంతటదే. పొద్దున్నే అచ్చాయమ్మ అందులోంచి మందని తోలుకుపోతుంది. మంద మళ్ళీ పెరిగింది. పైన లారీలు పోతుంటే కింద బాతులన్నీ ఒక్కసారి అరుస్తాయి. ఆ సిమెంటు గోడల మధ్య ఆ అరుపు ఎంత పెద్దదవుతుందంటే, నేను కూడా అంత పెద్దగా ఎప్పుడూ వినిపించలేదు. వాటి వెనకనుంచి "దా, దా, దా" అని అచ్చాయమ్మ గొంతు వస్తుంది. ఆ రోజు నేను ఆమె దాకా వెళ్ళలేకపోయాను. ఆమె గొంతు మాత్రం రోజూ నా దాకా వస్తోంది.