చేతులు కుదరలేదు

మిరపకాయలకు తొడిమలు తీసి ఇంటికి వచ్చిన మనిషి ముందు ఏం చేస్తుంది? చేతులకు మజ్జిగ రాసుకుంటుంది. నల్లపాడులో కల్లాలకు వెళ్ళే ఆడవాళ్ళందరూ చేసేది అదే. రహిమున్నీసాకు మాత్రం ఆ భాగ్యం కూడా లేకుండా పోయింది. ఆమె గుమ్మంలో అడుగు పెట్టడమే ఆలస్యం, కొడుకు మీరావలి పీట వేసి కూర్చోమనేవాడు, మజ్జిగ తర్వాత రాసుకుందువుగాని, వెలుతురు పోతోందని.

గుంటూరులో సినిమా బొమ్మలు వేసే చెంచురామయ్య దగ్గర పనికి కుదరాలని వాడి పట్టుదల. ఆయన ఒక కాపీయింగ్ పెన్సిల్ ఇచ్చి, కూర్చున్న మనిషిని గీసి తెమ్మన్నాడు. నీళ్ళు తగిలితే ఊదారంగు దిగే పెన్సిలు అది. దాని గీత చెరిపితే పోదు, తడిపితే మరక. తప్పు కళ్ళ ముందే ఉండాలి, దాన్ని చూసే నేర్చుకోవాలి అని ఆయన షరతు. పని దొరికిన రోజునే నువ్వు కల్లం మానేద్దువుగాని అని మీరావలి తల్లికి మాటిచ్చాడు. ఆ ఒక్క మాట కోసం ఆమె మంటను పళ్ళబిగువున ఓర్చుకుని కూర్చునేది.

ముఖం వచ్చింది. చీర మడతలు వచ్చాయి. చేతుల దగ్గరికి వచ్చేసరికే వాడికి తలప్రాణం తోకకు వచ్చేది. ఇవి చేతులు కావు, అరటిపళ్ళు అని చెంచురామయ్య కాగితాలు తిప్పికొట్టేవాడు. ఆ కోపమంతా ఇంటికి తెచ్చి తల్లి మీద చూపించేవాడు, కదిలావని ఒకసారి, ముడిచావని ఒకసారి.

ఒక సాయంత్రం ఆమెకు మంట భరించరానిదైంది. వాడు అటు తిరిగి పెన్సిలు చెక్కుకుంటుంటే, వాడు మొన తడుపుకునే నీళ్ళ గిన్నెలో రెండు చేతుల వేళ్ళూ ముంచి తీసింది. వాడు చూడలేదు. అలవాటు చొప్పున పెన్సిలు మొన ఆ నీళ్ళలో ముంచి, నాలుక మీద పెట్టుకున్నాడు. మరుక్షణం గెంతులే గెంతులు. చెంబెడు నీళ్ళు తాగాడు, కళ్ళ వెంట ధారలు కట్టాయి.

"ఇంత మంటా అమ్మా? రోజూ ఇంతేనా?"

"ఇంతే నాయనా."

ఆమె కడుపు నిండిపోయింది. ఇన్నాళ్ళకు బిడ్డకు తెలిసొచ్చిందనీ, మజ్జిగ ముంత తెస్తాడనీ అనుకుంది. ఎంత పిచ్చితల్లి! వాడు దగ్గరికొచ్చి ఆ వేళ్ళనే రెప్ప వేయకుండా చూశాడు. ఒక వేలికి ఇంకో వేలు తగలనివ్వకుండా, చీరకైనా ఆనించకుండా పట్టుకుని ఉంది. ఇన్నాళ్ళూ వాడు గీయనిది అదే.

"అలాగే ఉంచు" అని పెన్సిలు తీశాడు.

చీకటి పడేదాకా అలాగే ఉంచింది.

మర్నాడు చెంచురామయ్య ఆ చేతుల్ని చాలాసేపు చూసి, పనిలో పెట్టుకున్నాడు. ఏడ్చే తల్లి బొమ్మ ఒకటి గీసి తెమ్మన్నాడు. మీరావలి పరుగున కల్లానికి వెళ్ళి కబురు చెప్పాడు. రహిమున్నీసా అందరి ముందూ మేస్త్రీతో రేపటినుంచి రానని చెప్పేసింది. పొద్దువాలాక నవ్వుకుంటూ ఇంటికి వచ్చి, ఆ సంగతి కొడుక్కి చెప్పింది.

వాడు పీట వేస్తున్నవాడల్లా ఆగిపోయాడు.

"ఎవరు చెప్పమన్నారే నిన్ను? మంట లేకపోతే నీ చేతులు మళ్ళీ అరటిపళ్ళే. పొద్దున్నే వెళ్ళి మేస్త్రీ కాళ్ళు పట్టుకో."

ఆమె మూలనున్న మజ్జిగ ముంత వైపు చూసింది. వాడూ చూశాడు. లేచి వెళ్ళి, ఆ ముంతను ఆమెకు అందనంత ఎత్తున ఉట్టి మీద పెట్టి వచ్చి, పెన్సిలు తడుపుకున్నాడు.